స్పోర్ట్స్ కారుకు రిమ్ములు, సస్పెన్షన్ మార్చాలంటే: వరంగల్ రోడ్లకు పనికొచ్చే వరస

మన దగ్గర కారు మార్పులు దాదాపు ఎప్పుడూ రిమ్ములతోనే మొదలవుతాయి. పెద్ద రిమ్ము వేస్తారు, టైరుకూ ఫెండరుకూ మధ్య సందు కనబడుతోందని స్ప్రింగులు మార్చి బండిని కిందికి దించుతారు. అప్పుడు షాకులు కొట్టడం మొదలవుతుంది. అన్నీ అయ్యాక మంచి టైర్లకు డబ్బు మిగలదు. చూపు కోసమైతే ఆ వరసతో ఇబ్బంది లేదు. బండి నిజంగా వేగంగా, కుదురుగా పోవాలంటే మాత్రం దాన్ని తిరగేయాలి. టైర్లు, అలైన్‌మెంట్ ముందు. షాకులు, స్ప్రింగులు తర్వాత. రిమ్ము సైజు అన్నింటికన్నా చివర.

బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, పికప్ తీసుకున్నా పని చేసేది ఒక్కో చక్రం కింద అరచేయంత రబ్బరు. అది నేలను వదలకుండా చూడటమే సస్పెన్షన్ పని. రేస్ ట్రాక్ మీద నేల నున్నగా ఉంటుంది కాబట్టి గట్టి స్ప్రింగు, తక్కువ ఎత్తు నడుస్తాయి. హనుమకొండ నుంచి ములుగు వైపు 163వ జాతీయ రహదారి మీద పోయేటప్పుడు నున్నటి రోడ్డు మీద ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, ఊరు రాగానే వరసగా రంబుల్ స్ట్రిప్పులు, స్పీడ్ బ్రేకరు, పక్కనే ఆరబోసిన వడ్లు. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు, భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు తొక్కిన రోడ్డు అలలు తేలి ఉంటుంది. ఇలాంటి చోట చక్రం పైకీ కిందికీ ఆడే జాగా, అంటే సస్పెన్షన్ ట్రావెల్, మీ అసలు ఆస్తి. చేసే ప్రతి మార్పూ దాన్ని ఎంత తింటుందో చూసుకోండి.

ఈ వ్యాసం ముఖ్యంగా ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, పాత పోలో జీటీ, స్కోడా స్లావియా, ఆక్టేవియా వీఆర్‌ఎస్, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ లాంటి ముందు చక్రాలు లాగే బండ్ల గురించి. వీటన్నింటికీ ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే షాకు, స్ప్రింగు కలిసి ఒకే కాలుగా ఉండే అమరిక, ఉంటుంది. వెనుక వీఆర్‌ఎస్‌కు మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని విడిగా పట్టే చేతులు), మిగతావాటికి టార్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం).

మొదటి పని: ఏమీ కొనకముందు కొలవండి

చదునైన నేల మీద, సగం ట్యాంకు పెట్రోలుతో, గాలి సరిగ్గా పెట్టి బండిని నిలపండి. ఒక్కో చక్రం నడిమధ్య నుంచి ఫెండరు అంచు దాకా మి.మీ.లలో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కలిసిపోయి లెక్క తప్పుతుంది. ఎడమకూ కుడికీ 8 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే కుంగిన స్ప్రింగో, వంగిన భాగమో ఉంది. దాన్ని సరిచేయకుండా కొత్త సామాను వేస్తే తప్పు కొత్తదాని మీదికి పోతుంది.

తర్వాత జాకీ మీద లేపి లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ మౌంట్లు చూడండి. బుష్ రబ్బరు చీలి ఉంటే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరిగి టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారిపోతుంది. అలాంటి బండికి ఎంత ఖరీదైన కాయిలోవర్ (ఎత్తు సర్దుకోగల స్ప్రింగు, షాకు సెట్టు) వేసినా స్టీరింగు తేలుతూనే ఉంటుంది. 60 వేల కిలోమీటర్లు దాటిన చాలా బండ్లలో బుష్‌లు, లింక్ రాడ్లు మార్చి అలైన్‌మెంట్ చేయిస్తేనే "కొత్త సస్పెన్షన్ వేశారా" అని అడిగేంత తేడా వస్తుంది.

ఇక ట్రావెల్ కొలత. దీనికి వైర్లు కట్టే నైలాన్ టై ఒకటి చాలు. షాకు మీది డస్ట్ కవరును పైకి జరిపి, మెరిసే రాడ్డుకు టై బిగించి, షాకు బాడీకి ఆనేదాకా కిందికి నెట్టండి. కవరు మళ్ళీ దించి, రోజూ పోయే దారిలో రోజూ పోయే వేగంతో, రోజూ ఎక్కే మనుషులతో తిరిగి రండి. చక్రం పైకి వచ్చినప్పుడల్లా టై పైకి జరుగుతుంది, తిరిగి కిందికి రాదు. షాకు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆనే బంప్ స్టాప్ రబ్బరుకూ టైకీ మధ్య మిగిలిన దూరమే మీ చేతిలో ఉన్న జాగా. 20 మి.మీ. మిగిలిందనుకుందాం. స్ప్రింగు గట్టిదనం మార్చకుండా బండిని 35 మి.మీ. దించితే మామూలు గుంతకే షాకు బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మలుపు మధ్యలో అలా కూర్చుందంటే ఆ చక్రం దగ్గర గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగి పట్టు జారుతుంది. ముందు చక్రమైతే బండి మలుపు బయటికి నెట్టుకుపోతుంది, వెనుకదైతే తోక విసురుతుంది. "దించాక బండి భయపెడుతోంది" అనేవాళ్ళ సమస్య చాలాసార్లు ఇదే.

రెండో పని: టైర్లు, గాలి

అదే రిమ్ము, అదే సైజు, మెరుగైన టైరు. డబ్బుకు ఇంతకు మించిన లాభం ఇచ్చే మార్పు లేదు. ఇంధనం ఆదా కోసం చేసిన గట్టి రబ్బరు టైరు తీసేసి పట్టు కోసం చేసినది వేస్తే బ్రేకింగు దూరం, తడి రోడ్డు మీద నమ్మకం రెండూ మారతాయి. కొనేటప్పుడు టైరు పక్క గోడ మీది నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. లోడ్ ఇండెక్స్ కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, 94 అంటే 670. స్పీడ్ అక్షరాల్లో హెచ్ 210 కి.మీ., వీ 240, డబ్ల్యూ 270.

గాలి తెల్లవారుజామున, బండి కదలకముందు పెట్టాలి. ఉష్ణోగ్రత ప్రతి 5.5 డిగ్రీలకు సుమారు 1 పీఎస్ఐ మారుతుంది. మే నెలలో పొద్దున 27 డిగ్రీలున్నప్పుడు 33 పెడితే, మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో బండి నిలబడి ఉండగానే 36 చూపిస్తుంది. రోడ్డు మీద పరుగెత్తాక ఇంకో రెండు మూడు. అది చూసి బంకులో గాలి తీయించకండి. మర్నాడు పొద్దునకు అది 28కి దిగి ఉంటుంది. గాలి తగ్గితే వానాకాలంలో టైరు నీళ్ళ మీద తేలే వేగం కూడా తగ్గుతుంది. లోతుగా నిలిచిన నీళ్ళలో అరిగిన టైరుకు స్థూలమైన లెక్క ఇలా ఉంటుంది: 33 పీఎస్ఐ దగ్గర గంటకు 95 కి.మీ., 26 దగ్గర 85.

మూడో పని: అలైన్‌మెంట్ అంకెలు మీరే అడగండి

"కంపెనీ సెట్టింగ్ పెట్టాను" అనే మాటతో తృప్తి పడకుండా ముందు, తర్వాత కొలతల ప్రింటు తీసుకోండి. మెషీన్ ఎక్కించే ముందు గాలి సరిచేసి, డ్రైవరు సీట్లో మీ బరువుకు సరిపడా ఇసుక సంచులో మనిషినో కూర్చోబెట్టించండి.

వీధిలో తిరిగే బండికి ముందు చక్రాల క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వాలే కోణం; పైభాగం లోపలికి వాలితే మైనస్) మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీల మధ్య చాలు. టో సున్నాకు దగ్గరగా. మైనస్ 2 దాటిస్తే మలుపులో పట్టు పెరుగుతుంది గానీ తిన్నగా బ్రేకు వేసినప్పుడు టైరు లోపలి అంచు మీదే భారం పడుతుంది. మన ప్రయాణంలో ఎక్కువ భాగం తిన్నటి దారే కదా. అయితే టైరును తినేది క్యాంబర్ కంటే టోనే. క్యాంబర్ కొంచెం ఎక్కువున్న టైరు ఏళ్ళు నడుస్తుంది, టో తప్పితే కొన్ని వేల కిలోమీటర్లకే అంచు రంపపు పళ్ళలా తేలుతుంది. చేత్తో లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమిరితే తెలిసిపోతుంది.

చాలా బండ్లకు కంపెనీ ముందు క్యాంబర్ సర్దే ఏర్పాటు ఇవ్వదు. స్ట్రట్టు నకుల్‌కు (చక్రం హబ్బును పట్టే ముక్కకు) రెండు బోల్టులతో బిగిసేచోట క్యాంబర్ బోల్టు వేయవచ్చు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలో స్ట్రట్టు నకుల్‌లోకి దూరే రకం కాబట్టి ఆ బోల్టు కుదరదు, పైన స్ట్రట్ మౌంటు దగ్గరే సర్దుకోవాలి. వెనుక టార్షన్ బీమ్‌కు సర్దుబాటే లేదు. అక్కడ అంకె బాగా తప్పి ఉంటే బీమ్ దెబ్బతిన్నదని అర్థం.

నాలుగో పని: షాకులు, స్ప్రింగులు కలిపి

స్ప్రింగు బరువును మోస్తుంది, షాకు స్ప్రింగు ఊగును ఆపుతుంది. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే లెక్క చెడుతుంది. ఉదాహరణకు ముందు ఒక చక్రం మీద 330 కిలోల బరువు ఉందనుకోండి, చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు. ఆ మూల సెకనుకు సుమారు 1.4 సార్లు ఊగుతుంది. స్ప్రింగును 35కు పెంచితే 1.64 సార్లు. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య, వీధిలో నడిచే గట్టి సెటప్పులు 2 దాకా ఉంటాయి. స్ప్రింగు 40 శాతం గట్టిపడితే షాకు పట్టు కూడా దాదాపు 18 శాతం పెరగాలి. కంపెనీ షాకుకు, అదీ 50 వేలు తిరిగినదానికి, ఆ శక్తి ఉండదు. అందుకే స్ప్రింగులు మాత్రమే మార్చిన బండి స్పీడ్ బ్రేకరు దిగాక రెండు మూడు సార్లు ఊగి, అలల రోడ్డు మీద తేలిపోతుంది. గట్టిదనం 15, 20 శాతానికి మించి పెరుగుతుంటే జతగా చేసిన షాకులు తప్పనిసరి.

ఎంత దించాలి? వరంగల్, కరీంనగర్, మంచిర్యాల చుట్టుపక్కల రోజూ తిరిగే బండికి 15 నుంచి 25 మి.మీ. అంతకు మించి వద్దు. కారణం నేల తగలడం ఒక్కటే కాదు. బండి పక్కకు వాలేటప్పుడు ఒక ఊహాబిందువు చుట్టూ వాలుతుంది, దాన్ని రోల్ సెంటర్ అంటారు. మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న బండిని దించితే బరువు కేంద్రం ఎంత దిగుతుందో రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువ దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, బండిని పక్కకు వాల్చే బలం పెరుగుతుంది. పైగా లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేచి ఉంటే, మలుపులో చక్రం నొక్కుకున్నప్పుడు రావలసిన మైనస్ క్యాంబర్ రాదు. 40 మి.మీ. దించి, మెత్తటి స్ప్రింగు వేసిన బండి మలుపులో కంపెనీ బండి కంటే అధ్వానంగా పోవడానికి కారణం ఇదే. టై రాడ్ కోణం కూడా మారి, గుంతలో పడ్డప్పుడు స్టీరింగు దానంతటదే లాగుతుంది.

నేల సంగతికొస్తే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. ఊళ్ళో వాళ్ళు రాత్రికి రాత్రి వేసుకున్న బ్రేకరుకు ప్రమాణమేమీ ఉండదు. నలుగురు ఎక్కి డిక్కీ నిండాక బండిలో అన్నింటికన్నా కింద ఉన్న భాగం నేలకు 130 మి.మీ. ఎత్తులో మిగలాలి. మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ ఎక్కి పోయే బండైతే ఈ కొలత దగ్గర మొహమాటం పనికిరాదు.

బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పులు ఇవీ. స్ప్రింగు కంప్రెసరు లేకుండా తాడుతో కట్టి స్ట్రట్టు విప్పకండి, నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరితే చేతులు పోతాయి. పై నట్టు ఇంపాక్ట్ గన్‌తో బిగిస్తే రాడ్డు తిరిగి షాకు సీలు పాడవుతుంది. సాగే రకం బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవి వేయాల్సిందే. లోయర్ ఆర్మ్, వెనుక బీమ్ బుష్‌ల బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి, నెలల్లో చీలుతుంది, బండి ఎత్తు కూడా తప్పుగా కూర్చుంటుంది. బంప్ స్టాప్ కోయమని కిట్ కాగితంలో రాసి ఉంటేనే, రాసినంతే కోయండి. పని అయ్యాక అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు సర్దడం. 500 కిలోమీటర్లకు స్ప్రింగులు కూర్చున్నాక ఇంకోసారి అలైన్‌మెంట్.

కాయిలోవర్లు వేస్తే రీబౌండ్ (నొక్కుకున్న చక్రం తిరిగి కిందికి దిగడాన్ని పట్టి ఆపే షాకు పట్టు) క్లిక్కులు మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. ఊరి ముందరి రంబుల్ స్ట్రిప్పుల మీద బండి మొదటిదానికి బాగుండి, పోనుపోను గట్టిగా కొడుతుంటే రీబౌండ్ ఎక్కువైంది. చక్రం కిందికి దిగేలోపే తర్వాతి గతుకు వస్తోందన్నమాట. రెండు క్లిక్కులు తగ్గించండి. గతుకు దాటాక తేలుతుంటే రెండు పెంచండి. ఒకసారికి ఒక్కటే, ముందో వెనుకో మార్చి, రాసుకుని, అదే దారిలో మళ్ళీ తిరగండి. హద్దు దాకా తోలి చూడాలంటే మద్రాసు దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకో, కోయంబత్తూరు కారీ ట్రాకో ఉన్నాయి. ఔటర్ రింగు రోడ్డు దానికి కాదు.

యాంటీ రోల్ బార్‌ది, అంటే మలుపులో బండి వాలకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీది, చిత్రమైన లెక్క. గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి 20 నుంచి 22 మి.మీ.కు పోతే 46 శాతం పెరుగుతుంది. ముందు చక్రాలు లాగే బండికి వెనుక బార్ గట్టిపరిస్తే మలుపులో ముక్కు లోపలికి తిరుగుతుంది. వానలో తోక కూడా తేలికవుతుంది. వానాకాలానికి ముందు వేయకండి, వేసినా దాని సర్దుబాటు రంధ్రాల్లో బార్‌ను మెత్తగా ఉంచే రంధ్రంలోనే బిగించండి.

ఐదో పని: రిమ్ములు

బయటి వ్యాసం మారకూడదు. 205/55 ఆర్16 (వెడల్పు 205 మి.మీ., గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు) అయితే వ్యాసం 631.9 మి.మీ., పక్క గోడ 113. 225/45 ఆర్17కు 634.3, గోడ 101. 225/40 ఆర్18కు 637.2, గోడ 90. వ్యాసం మూడింటికీ ఒక శాతం లోపే తేడా. పోయిందల్లా గోడ ఎత్తు. యాసంగి, వానాకాలం కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి, లారీలు ఎక్కకుండా అంచున రాళ్ళు పెడతారు. వడ్లు ఎత్తుకుపోయాక రాళ్ళు అక్కడే ఉంటాయి. రాత్రి ఒక రాయి ఎక్కితే 113 మి.మీ. గోడ తట్టుకుంటుంది. 90 మి.మీ. గోడ రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి బుడగ లేస్తుంది. బుడగ వచ్చిన టైరుకు మరమ్మతు లేదు. ఈ ప్రాంతానికి 17 అంగుళాలు హద్దు అనుకోండి.

బరువు తూచండి. పాత చక్రం, కొత్త చక్రం టైరుతో సహా ఇనుప సామాను కొట్టు కాటా మీద పెడితే అయిపోతుంది. చవక 18 అంగుళాల రిమ్ము చక్రానికి 3 కిలోలు పెంచిందంటే నాలుగింటికి 12. తిరిగే బరువు కాబట్టి పికప్ లెక్కలో మహా అయితే 24 కిలోలతో సమానం. 1,300 కిలోల బండికి అది రెండు శాతం కూడా కాదు. దీన్ని జనం ఎక్కువ చేసి చెబుతారు. అసలు నష్టం వేరేచోట ఉంది: స్ప్రింగు కింద వేలాడే బరువు పెరిగితే గతుకు తర్వాత చక్రాన్ని తిరిగి నేలకు నొక్కడం షాకుకు కష్టమవుతుంది, గతుకుల మలుపులో పట్టు తెగుతుంది.

తర్వాత సరిపోలాల్సిన కొలతలు. పీసీడీ (ఎన్ని బోల్టులు, అవి ఉన్న వలయం వ్యాసం ఎన్ని మి.మీ.): వర్టస్, స్లావియాలకు 5×100, ఆక్టేవియాకు 5×112, ఐ20కి, స్విఫ్ట్‌కు 4×100. దగ్గర దగ్గరగా ఉందని 4×98 రిమ్మును 4×100 హబ్బుకు లాగి బిగించే షాపులున్నాయి, అక్కడి నుంచి లేచి రండి. మధ్య రంధ్రం: ఫోక్స్‌వ్యాగన్, స్కోడాకు 57.1 మి.మీ., హ్యుందాయ్, సుజుకి చిన్న కార్లకు 54.1. బయటి రిమ్ములకు సాధారణంగా 73.1 ఉంటుంది, మధ్యలో హబ్ రింగు వేయకపోతే చక్రం మధ్యకు కూర్చోక 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది. ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు.

బోల్టు తల ఆకారం కూడా చూడాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బోల్టులకు గుండ్రటి తల, బయటి రిమ్ములకు ఎక్కువగా శంకువు ఆకారం. ఒకదానిలో ఒకటి వేస్తే అంచు మాత్రమే ఆనుతుంది, టార్క్ సరిగ్గా చూపించినా దారిలో వదులవుతుంది. థ్రెడ్డు కనీసం బోల్టు మందమంత లోతుకు దిగాలి. 14 మి.మీ. బోల్టుకు తొమ్మిది పైచిలుకు చుట్లు. ఈ బోల్టులకు 120 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచితో, నక్షత్రం వరసలో. 100 కిలోమీటర్లకు మళ్ళీ చూడాలి.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము హబ్బుకు ఆనే చోటు రిమ్ము వెడల్పు నడిమధ్య నుంచి ఎన్ని మి.మీ. దూరమో ఆ అంకె. దాన్నే ఈటీ అంటారు, ఒక ఉదాహరణతో చూడండి. 6 అంగుళాల వెడల్పు ఈటీ 40 రిమ్ము తీసి 7.5 అంగుళాల ఈటీ 35 వేస్తే చక్రం బయటికి 24 మి.మీ., లోపలికి 14 మి.మీ. జరుగుతుంది. లోపల స్ట్రట్టుకు కనీసం 5 మి.మీ. సందు ఉండాలి. బయట ఫెండరు లైనరుకు తగలకూడదు. స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, వెనుక ముగ్గురిని కూర్చోబెట్టి చూడండి. ఈటీ మరీ తగ్గితే బేరింగు మీద భారం పెరుగుతుంది, లారీలు తొక్కిన గాడుల్లో బండి అటూ ఇటూ లాగుతుంది, ఒక చక్రం నీళ్ళలో ఉండగా బ్రేకు వేస్తే స్టీరింగు చేతిలోంచి గుంజుకుంటుంది.

వంగిన అల్లాయ్‌ని మంట పెట్టి సాఫు చేయించినవి, వెల్డింగు వేసినవి సెకండ్ హ్యాండ్‌లో చాలా వస్తాయి. వేడి తగిలిన అల్యూమినియం బలం పోతుంది. లోపలి వైపు రంగు మారి ఉందా, సన్నటి గీత ఉందా చూసి, జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ నాణ్యత ముద్రలు, లోడు అంకె ఉన్నవే తీసుకోండి.

మస్టాంగ్, జడ్4 లాంటి వెనుక చక్రాలు లాగే బండ్లలో ముందూ వెనుకా టైరు వెడల్పు తేడా ఉంటే ఆ తేడాను అలాగే ఉంచండి. వెనుకవి సన్నబడితే తోక ముందే జారుతుంది. ఎలక్ట్రానిక్ షాకులున్న బండికి మామూలు కాయిలోవర్ వేస్తే డాష్ మీద హెచ్చరిక వెలుగుతుంది, దానికి విడిగా మాడ్యూలు కావాలి.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పుకు 182ఏ కింద ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. అందుకని తయారీదారు అదే మోడల్ పై వేరియంటుకు ఇచ్చిన రిమ్ము, టైరు సైజుల్లోనే ఉండటం క్షేమం. ఎత్తు మార్చాలనుకుంటే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఏం మార్చినా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి పాలసీలో ఎక్కించండి. చెప్పని మార్పు క్లెయిము రోజున బయటపడితే వాళ్ళ చేతికి సాకు ఇచ్చినట్టే.

విప్పిన కంపెనీ స్ప్రింగులు, షాకులు, బోల్టులు స్క్రాప్‌కు వేయకండి. స్ప్రింగులకు నూనె రాసి, ఏది ఏ మూలదో చీటీ కట్టి, షాకులను నిలువుగా నిలబెట్టి దాచండి. బండి అమ్మే రోజున కొనేవాడు మొదట వాటి గురించే అడుగుతాడు.